ఒక్క కంపైల్, 40 టెస్టులు

బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు చిప్ డిజైన్లు రాసే వెరిలాగ్ భాషలో, రిస్క్-ఫైవ్ అనే ఆదేశాల పద్ధతిని పాటించే చిన్న ప్రాసెసర్ రాశాను. మిర్యాలగూడలో ఇంట్లో కూర్చుని, అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్ మీదే సిమ్యులేషన్. వెరిలేటర్ అనే సిమ్యులేషన్ టూల్ మన వెరిలాగ్‌ను ముందు సీ ప్లస్ ప్లస్‌గా మారుస్తుంది, దాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవాలి. ఆ రెండో పనికే మూడు నిమిషాలు పట్టేది. టెస్టు నడిచేది మాత్రం రెండు సెకన్లు!

టెస్టులు 40. ఒక్కో టెస్టు ప్రోగ్రామ్ ఒక్కో హెక్స్ ఫైలు. మెమరీలోకి ఏ ఫైలు ఎక్కాలో కోడ్‌లోనే డిఫైన్‌గా, అంటే కంపైల్ అప్పుడే ఖాయమయ్యేలా, రాసుకున్నాను. ఫైలు పేరు మారితే చాలు, మళ్లీ కంపైల్. వడ్ల బస్తా మారినప్పుడల్లా మిల్లు విప్పి బిగించినట్టు. మొత్తానికి రెండు గంటలు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి కరెంటు పోతే సగంలోనే ఆగిపోయేది.

"ఏం బిడ్డా, పొద్దుగాల సంది ఆ నల్ల తెరనే చూస్తున్నవ్?" అన్నాడు నాయన. చెప్పడానికి నాకే సిగ్గేసింది.

డిఫైన్ తీసేశాను. సిమ్యులేషన్ మొదట్లో నడిచే ఇనీషియల్ బ్లాకులో, రన్ కమాండ్ నుంచి విలువ చదివే వాల్యూ ప్లస్‌ఆర్గ్స్‌తో ఫైలు పేరు తీసుకుని, దాన్నే ఫైలును మెమరీలోకి ఎక్కించే రీడ్‌మెమ్‌హెచ్‌కు ఇచ్చాను. పేరు ఇప్పుడు రన్ చేసేటప్పుడు కమాండ్‌లో ఇస్తే సరిపోతుంది. ఒక్కసారి కంపైల్ చేసి స్క్రిప్టు వదిలితే అయిదు నిమిషాల్లోపే 40కి 40 పాస్.

అక్కడే అనుమానం వచ్చింది. నా ప్రాసెసర్ అంత మంచిది కాదు. చూస్తే స్క్రిప్టులో ఫైలు పేరును 'ప్రోగ్' అనే గుర్తుతో పంపుతున్నాను, కోడ్ 'హెక్స్' కోసం వెతుకుతోంది. దొరక్క, డీఫాల్ట్‌గా పెట్టిన కూడిక టెస్టునే 40 సార్లు నడిపింది. ఆ డీఫాల్ట్ పీకేసి, పేరు రాకపోతే ఫేటల్‌తో ఆగిపోయేలా రాశాను.

ఈసారి రెండు ఫెయిల్: ఎస్‌ఆర్‌ఏ, ఎస్‌ఆర్‌ఏఐ. రెండూ ప్లస్సో మైనసో మారకుండా సంఖ్య బిట్లను కుడివైపు జరిపే ఆదేశాలే. మూడు బాణాల షిఫ్ట్ గుర్తు పెట్టాను గానీ, ఆ గుర్తుకు ఎడమవైపున్న సంఖ్యను సైన్డ్ (ప్లస్, మైనస్ ఉన్నది) అని చెప్పలేదు. అలాంటప్పుడు ప్లస్, మైనస్ చెప్పే బిట్‌కు బదులు సున్నాలే వచ్చి చేరతాయి.

దాన్ని దిద్దితే కంపైల్ తప్పదు. పాత కంపైల్ ఫలితాలను దాచిపెట్టే సీక్యాష్ పెట్టుకున్నాక, మారని సీ ప్లస్ ప్లస్ ఫైళ్ల ఫలితాలను అది దాచినవాటి నుంచే తెస్తోంది. వేవ్‌ఫామ్ (సిగ్నళ్లు ఎప్పుడెలా మారాయో చూపే గ్రాఫ్) కావాల్సిన బిల్డ్‌ను వేరే ఫోల్డర్‌లో ఉంచాను, లేకపోతే దాన్ని రికార్డు చేసే ట్రేస్ ఆప్షన్ వేసి తీసిన ప్రతిసారీ ఆ సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు మళ్లీ తయారవుతాయి.