పడుకునే ముందు పద్దు

మారాలి, కాస్త సింపుల్‌గా బతకాలి అని ఎవరైనా అనగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే, డైరీ రాయమని. నాకు డైరీ మీద పెద్ద నమ్మకం లేదు. ఎంత నిజాయితీగా మొదలుపెట్టినా నాలుగో లైనుకల్లా మన తరఫున మనమే వాదించుకుంటూ ఉంటాం, ఆఫీసులో టెన్షన్, ట్రాఫిక్, నిద్ర చాలలేదు, అందుకే అలా చేశాను అని. ఖర్చుల పద్దులో ఆ సౌకర్యం ఉండదు. "రాత్రి పదకొండు, బిర్యానీ, 320" అని రాస్తే అంతే, సంజాయిషీకి పక్కన గడి ఉండదు. అందుకే డైరీ వదిలేసి పద్దు పట్టుకున్నాను. డబ్బు మిగుల్చుకోవడానికి కాదు (మిగిలితే మంచిదే), రోజంతా ఏం చేశానో నాకే తెలియడానికి.

ఈ ఆలోచన గాంధీ ఆత్మకథ చదివాక పట్టుకుంది. 1888లో బారిస్టరు చదువుకని లండన్ వెళ్లిన కొత్తలో ఆయన మనకి తెలిసిన గాంధీ కానేకాదు. బాండ్ స్ట్రీట్‌లో సూటు కుట్టించుకుని, టాప్ హ్యాట్ పెట్టుకుని, అద్దం ముందు టై సర్దుకుంటూ, డాన్సు క్లాసుకి 3 పౌండ్లు కట్టి, వయొలిన్‌కి ఇంకో 3 పౌండ్లు పెట్టి, ఎలాగైనా దొర అయిపోదామనుకున్న కుర్రాడు. ఆ మోజు ఓ మూడు నెలలు నడిచింది. నాకు నచ్చిందేంటంటే, ఆ మోజులో ఉన్నప్పుడు కూడా ఆయన లెక్క మానలేదు. బస్సు ఛార్జీ, తపాలా ఖర్చు, పేపరుకిచ్చిన చిల్లర, అన్నీ రాసి, నిల్వ తేల్చాకే పడుకునేవాడు. కొన్నాళ్లకి ఖర్చు సగానికి తగ్గించాలనుకుని చూస్తే ఆ పద్దులో ఛార్జీలే బారులు తీరి కనిపించాయి. దాంతో పనులకి నడిచి వెళ్లగలిగే చోటుకి ఇల్లు మార్చుకుని, రోజుకి 8, 10 మైళ్లు నడవడం మొదలుపెట్టాడు, ఇంగ్లండులో ఉన్నన్నాళ్లు పెద్దగా జబ్బు పడకపోవడానికి ఆ నడకే ముఖ్య కారణమని ఆయనే రాసుకున్నాడు. ఆ తర్వాత ఒక్క గదికి మారి, స్టవ్ కొనుక్కుని, పొద్దున ఓట్స్ జావ, రాత్రి బ్రెడ్డు, కోకోతో రోజుకి 1 షిల్లింగు 3 పెన్స్‌లో గడిపేశాడు. గమనించండి, ముందు విరక్తి పుట్టి తర్వాత లెక్కలు రాయలేదు. లెక్క ముందు, నిరాడంబరత తర్వాత.

మనకి ఈ పని ఆయనకన్నా ఎక్కువ అవసరం అనిపిస్తుంది. 2016లో యూపీఐ వచ్చాక జేబులో నోట్లు పలచబడడం చూసి ఆగే వీలే పోయింది, స్కాన్ చేయడం, బాక్సు అరవడం, ముందుకి నడవడం. "యాప్‌లో హిస్టరీ ఉంటుందిగా, మళ్లీ రాయడమెందుకు" అని మా తమ్ముడు అంటాడు. ఉంటుంది, ఎవరు తెరిచి చూస్తారు? చేత్తో రాస్తే ఆ కొన్నది ఇంకోసారి కొన్నట్టు ఉంటుంది, అక్కడే చురుక్కుమంటుంది. జపాన్‌లో హాని మోటొకో అనే జర్నలిస్టు 1904లోనే ఇళ్లలో రాసుకోవడానికి ఖర్చుల పుస్తకం ఒకటి తయారుచేసింది. కకేబో అంటారు, ఇప్పటికీ వాడుతున్నారు. మన అమ్మలు క్యాలెండర్ మీద వేసే పాల లెక్క కూడా ఆ జాతిదే.

నా పద్దు నాకు చెప్పిందేంటంటే, నేను ఆకలేసి తిండి ఆర్డర్ చేయడం లేదు. ఆఫీసు కాల్ రాత్రి సాగిన రోజే చేస్తున్నాను, ఇంత కష్టపడ్డానుగా అని నాకు నేనే ఇచ్చుకునే బోనస్ అది. ఇది తెలిశాక ఒట్లేమీ పెట్టుకోలేదు. కాల్ ఉన్న రోజు సాయంత్రమే కుక్కర్ పెట్టేస్తాను, పెరుగు, ఆవకాయ ఎలాగూ ఉంటాయి. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌దీ అదే కథ, కరివేపాకు కోసం తెరిస్తే డెలివరీ ఫ్రీ అవ్వాలని చిప్స్, చాక్లెట్టు కూడా వచ్చేస్తాయి. ఇప్పుడు ఆదివారం కూకట్‌పల్లి రైతుబజారుకి నడిచి వెళ్తున్నా. సంచి మోయగలిగినంతే కొంటాం కాబట్టి అక్కడ ఎవరూ మనకి పొదుపు నేర్పక్కర్లేదు. బట్టల సంగతి రాయను, అది పద్దులో కన్నా బీరువాలోనే బాగా కనిపిస్తుంది.

అలవాటు 21 రోజుల్లో పడుతుందని తెగ తిప్పుతుంటారు. అది 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లు కొత్త మొహానికి అలవాటు పడడానికి కనీసం అన్ని రోజులు పడుతుందని రాసిన దాని నుంచి వచ్చింది, ఆ "కనీసం" ఎక్కడో దారిలో రాలిపోయింది. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందితో చేసిన పరిశోధనలో సగటున 66 రోజులు తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే ఉంది, నాకు ఈ ముక్క ఎక్కువ నచ్చింది.

ఇంకో మాట. నెలాఖరుకి పాల డబ్బులు వెతుక్కునే ఇంట్లో ఇదంతా ఆత్మపరిశీలన కాదు, గత్యంతరం లేక రాసే లెక్క. సింపుల్‌గా బతకండి అని వాళ్లకి చెప్పే హక్కు జీతం ఒకటో తారీఖునే పడే నాలాంటివాళ్లకి లేదు. అలాగే ఇంట్లో ఒకరి పద్దు ఇంకొకరు తనిఖీ చేయకూడదు, అది మొదలైతే రాసేవాళ్లు దాచడం నేర్చుకుంటారు, మా ఇంట్లో ఎవరి పుస్తకం వాళ్లదే.

ఏ పుస్తకం కొనాలి అని అడక్కండి, దీనికోసం ఐదొందలు పెట్టి లెదర్ అట్ట జర్నల్ కొంటే మొదటి పద్దు అదే రాయాల్సి వస్తుంది. నాది మా నాన్నకి ఎరువుల కొట్టువాళ్లిచ్చిన పాత డైరీ, వారాలు కలవవు, తేదీ కొట్టేసి పైన రాసుకుంటున్నా.