క్యారియర్‌లో చక్కెర

పదకొండు దాటింది. లైటు తీసి పడుకున్నా నిద్ర రాలేదు, మళ్లీ లేచి రాస్తున్నాను.

సాయంత్రం మూడో ఇంటి చెల్లె వాళ్ల పెద్దోడు క్యారియర్ తెచ్చి గుమ్మంలో పెట్టి ఉరికాడు. వాళ్లకు నేను రోజూ అన్నం పంపే నాలుగు గిన్నెల క్యారియరే. రాత్రి సర్దుతుంటే పైగిన్నె బరువనిపించింది. మూత తీస్తే చక్కెర. పావుకిలో ఉంటుంది. కింది మూడు గిన్నెలు జిడ్డు లేకుండా తోమి, తడి తుడిచి పెట్టి ఉన్నాయి. పిడి దగ్గర కొక్కెం సందులో నల్లగా పేరుకున్న మురికి ఉండేది, అది కూడా లేదు. అక్కడికి పీచు దూరదు, అగ్గిపుల్లో పిన్నీసో పెట్టి గీకి ఉంటుంది.

చెల్లెకు గర్భసంచి తీసి పది రోజులు కాలేదు. ఆరు వారాలు బరువులు ఎత్తొద్దని చెప్పి పంపారు. వాళ్ల అత్తకు చేతులు వణుకుతాయి. చూడవచ్చిన మేనత్త గిన్నె ముట్టే రకం కాదు. మరి కూర్చొని ఇదంతా తోమింది ఎవరు? ఆ మనిషే. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నేను అన్నం మోసుకుపోయిందే ఆమెకు పని తగ్గాలని. తోముడు పని, చక్కెర పెట్టే పని రెండూ నేనే తెచ్చిపెట్టినట్టయింది.

మా ఆయనతో అప్పుడే చెప్పాను, రేపటి నుంచి పార్సిల్ డబ్బాల్లో పంపుతా, తిని పారేస్తారని. ఆయన సరే అన్నాడు. అక్కడికి అయిపోవాలి కదా.

ఆ ఇంటికి వండడం అంత సులువు కాదు. తినేవాళ్లు నలుగురు. కుట్లు మానాల్సిన తల్లి. షుగరు ఉండి, పళ్లు ఊడిన అత్త. మూడో తరగతి పెద్దోడు. నాలుగేళ్ల చిన్నది. చెల్లె వాళ్లాయన లారీ మీద పోతే వారానికి ఒకసారి ఇల్లు చూస్తాడు. నలుగురికి నాలుగు కూరలు వండడం నా వల్ల కాదు, వండినా వాళ్లకు పంచుకునే ఓపిక లేదు. అందుకే కూర చప్పగా, మెత్తగా వండి, కారం విడిగా పంపుతున్నాను. పప్పులో రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి దించాక తీసేస్తా. చిన్న డబ్బాలో వెల్లుల్లి కారం, ఇంకో డబ్బాలో నెయ్యి. ఎవరికి ఎంత కావాలో వాళ్లు కలుపుకుంటారు. పెద్దామె కోసమని అన్నం తెలంగాణ సోనా బియ్యంతో వండుతున్నా. అదే, మిల్లుల దగ్గర ఆర్ఎన్ఆర్ 15048 అంటారు. మిగతా సన్నబియ్యం కంటే షుగరు మెల్లగా పెరుగుతుందని దాన్నే కొనుక్కునేవాళ్లు చాలామంది. అట్లని గిన్నె నిండా పెడితే ఏ బియ్యమైనా ఒకటే. అన్నం తగ్గించి బీరకాయో తోటకూరో ఎక్కువ పెడుతున్నా.

ఒంటిపూట బళ్లు కూడా మొదలయ్యాయి. పన్నెండున్నరకు పిల్లలు ఎండలో పడి వస్తారు. వచ్చేసరికి పళ్లెంలో అన్నం ఉండాలి. అట్లని పొద్దున ఎనిమిదింటికే వండి పంపితే ఈ ఎండకు పాసిపోతుంది. వండిన అన్నం ఇంత వేడిలో గంటకు మించి బయట పెట్టొద్దంటారు. అందులో పుట్టే క్రిమి విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్దవాళ్లకు ఒక పూట వాంతులతో పోతుందేమో, కుట్లున్న మనిషికి వాంతి అంటే ఎంత నరకం! అందుకే పదకొండున్నరకు కుక్కర్ దించి, వేడి మీదనే గిన్నెకెత్తి, నేనే పట్టుకుపోతున్నా. పెరుగన్నం పంపే రోజు మాత్రం అన్నం మెదిపి, చల్లారాక పాలు పోసి ఒక్క చెంచా పెరుగు వేస్తా. తినే వేళకు కమ్మగా ఉంటుంది, పులుపెక్కదు.

మొదటి రెండు రోజులు గల్లీ గల్లీ అంతా పంపింది. ఒక్క పూటకే మూడిళ్ల నుంచి పులిహోర, ఒకరింటి నుంచి బిర్యానీ. ఆ ఇంట్లో ఫ్రిజ్ చిన్నది, సగం పారబోశారు. మూడో రోజు నుంచి ఎవరూ లేరు. మనిషికి నీరసం అసలు తెలిసేది అప్పుడే కదా. మనలో మనం అనుకొని ఒక్కొక్కరం ఒక్కో రోజు పెట్టుకుంటే ఎంత బాగుండేది.

కానీ నాకు కోపం వచ్చింది దీనికి కాదు, పప్పు దగ్గర.

బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదని నల్గొండలో ఎవరిని అడిగినా చెప్తారు. ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. అందుకని నల్లా వచ్చిన పూట కృష్ణా నీళ్లు రెండు బిందెలు పక్కన పెట్టుకున్నా. ఆ నీళ్లలో పప్పు వెన్నలా ఉడికింది. పాలకూర వేసి, నెయ్యితో పోపు పెట్టి తీసుకెళ్లా. గడప దగ్గరే ఆ మేనత్త మూత తీసి చూసింది.

"పప్పా? కుట్ల మనిషికి పప్పు పెడతరా బిడ్డా? చీము పట్టదా?"

"డాక్టరే తినమన్నరు పెద్దమ్మా."

"డాక్టర్లు గట్లనే అంటరు. రేపు చీము పడితే వాళ్లొచ్చి చూస్తరా?"

గుడ్డు ఉడకబెట్టి తెస్తే వేడి అన్నది. పెరుగు నెమ్ము. వంకాయ దురద, అది నేను తేనేలేదు. మరేం పెట్టాలి పెద్దమ్మా అంటే, "నీళ్ల చారు, తెల్లన్నం. మా కాలంల గదే తిన్నం" అన్నది. మూడు రోజులు ఆ మనిషికి నీళ్ల చారే. నేను తెచ్చిన పప్పు పిల్లలు తిన్నారు. చెల్లె నా ముఖం చూడకుండా తల వంచుకొని చారన్నం కలుపుకుంటుంటే, ఆ పళ్లెం తీసి పక్కన పెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

డిశ్చార్జి కాగితం మీద గుడ్డు, పప్పు, పాలు అని చేత్తో రాసి ఉంది. కోసిన చోట కొత్త కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా ఉంటాయి. చీము పట్టేది గాయంలో సూక్ష్మక్రిములు చేరితే. షుగరు అదుపులో లేకపోయినా, కట్టు తడిసినా ఆ ప్రమాదం ఎక్కువ. పప్పు ఏం పాపం చేసింది? ఆ కాగితం చదివి వినిపించాను కూడా. పెద్దమ్మ వినలేదు. చెల్లెకు నా మాట నిజమని తెలుసు. కానీ రేపు నిజంగానే కుట్టు దగ్గర ఎర్రబడితే ఆ ఇంట్లో ఎవరిని తిడతారు? పప్పు తిన్న ఆమెనే. ఆ భయంతోనే తినలేదు. ఇప్పుడు రాస్తుంటే ఈ సంగతి తడుతోంది, మొన్న అక్కడ నిలబడ్డప్పుడు తట్టలేదు. అప్పుడు పెద్దమ్మ మీద గెలవాలనే చూశాను.

రాస్తుంటే చిన్నప్పుడు మేమున్న దేవరకొండ గుర్తొస్తోంది.

1992. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగు. అమ్మకు అపెండిక్స్ ఆపరేషన్ అని నాన్న హైదరాబాదు తీసుకుపోయారు. మేనమామ వచ్చి మాతో ఉన్నాడు, ఆయనకు టీ పెట్టడం కూడా రాదు. వాడకట్టంతా అన్నం పంపింది. వంకాయ కూర, చింతచిగురు మాంసం, ఎండుచేపల పులుసు. ఎవరింట్లో బాగా కుదిరిన కూర వాళ్లు పంపారు. అన్నీ మండే కారం. నేను నీళ్లు తాగుతూ తిన్నా. తమ్ముడు రెండు రోజులు ఒట్టి అన్నం పిడికిట్లో పట్టుకొని తిరిగాడు. అమ్మ కావాలని ఏడుస్తున్నాడని అందరూ అనుకున్నారు. వాడికి ఆకలి.

మూడో రోజు పొద్దున ఎదురింటి ఖాలా వచ్చింది. చేతిలో ఏమీ లేదు. గడప మీద కూర్చొని వాడిని ఒడిలోకి లాక్కొని, "ఏం తింటవు బిడ్డా?" అని అడిగింది. అంతవరకు వాడిని ఆ మాట ఎవరూ అడగలేదు, నేను కూడా. వాడు "పాలు" అన్నాడు. ఖాలా వెళ్లి కాసేపటికి సత్తు గిన్నె పట్టుకొచ్చింది. వేడి జొన్న రొట్టె చిన్న చిన్న ముక్కలు తుంపి పాలల్లో వేసింది, పైన బెల్లం తురుము. ముక్కలు పాలు పీల్చి ఉబ్బాయి, బెల్లం గోధుమరంగు గీతల్లా కరిగి పారుతోంది. వాడు గిన్నె మూతికి పెట్టుకొని తాగి, అడుగున మిగిలింది వేలితో తీసి నాకాడు. అమ్మ వచ్చేదాకా పొద్దున, రాత్రి అదే తిన్నాడు.

వచ్చాక అమ్మ నన్ను ఖాలా గిన్నె ఇచ్చి రమ్మంది. మంచం మీద నుంచి లేవలేని మనిషి, ఖాళీ గిన్నె ఇయ్యొద్దు అని కేకేసింది. ఇంట్లో చూస్తే ఏం లేదు. బుట్టలో రెండు ఉల్లిగడ్డలున్నాయి. అవే పెట్టమంది. ఉల్లిగడ్డలు ఎవరన్నా పెడతారా అని సిగ్గుతో ఏడుపొచ్చింది నాకు. ఖాలా వాటిని చేతిలోకి తీసుకొని తిప్పి చూసి, "మంచిగున్నయి. ఇయ్యాల్నే కూరల ఏస్తా. అమ్మకు చెప్పు" అన్నది. వచ్చి చెప్తే అమ్మ ఆ రోజు మొదటిసారి లేచి కూర్చుంది. కూర్చున్నది కుట్ల నొప్పి తగ్గినందుకేనేమో, చిన్నప్పటి కళ్లతో చూసిన సంగతి, నేను కలిపేసుకున్నానేమో. కానీ నాకు అట్లనే గుర్తుంది.

అందుకే పార్సిల్ డబ్బాల సంగతి ఇప్పుడు వద్దనిపిస్తోంది. పారేసే డబ్బాలో పంపితే ఆమె చేతికి తిరిగి ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఆ చక్కెర పిల్లల పాలకు దాచుకున్నదే అయి ఉంటుంది. అయినా పెట్టింది. తిరిగి పంపిస్తే ఎంత బాధపడుతుందో! మరి తోముడు? తిన్న వెంటనే నేనే వెళ్లి ఎంగిలి గిన్నెలు తెచ్చుకుందామంటే, ఏదో ఒకటి పెట్టి ఇచ్చే వీలు కూడా లేకుండా చేసినట్టవుతుంది. పైగిన్నె ఒక్కటి ఆమె దగ్గర వదిలి, జిడ్డు గిన్నెలు మూడు తెచ్చుకుంటే సరిపోతుందేమో. రేపు చూడాలి.

ఇవాళ మధ్యాహ్నం గడప దగ్గర పెద్దమ్మను వేరేగా అడిగాను. "పెసరపప్పు పెట్టొచ్చునా పెద్దమ్మా, మీరు చెప్పండ్రి" అంటే, కాసేపు ఆలోచించి, "పెసరపప్పు చలువ. సొరకాయల ఏసి పెట్టు, ఏంగాదు" అన్నది. కందిపప్పులో ఎంత బలముందో పెసరపప్పులో కూడా అంతే ఉంది. లోపల చెల్లె వింటోంది, నవ్విందో లేదో కనబడలేదు. మూడు రోజులు చదివి వినిపించిన కాగితం కంటే ఈ ఒక్క అడుగుడే పనిచేసింది. ముందే అడిగి ఉంటే ఆమె మూడు రోజులు నీళ్ల చారు తాగేది కాదు. ఆ మూడు రోజులు మాత్రం నాకు ఇంకా గుచ్చుకుంటున్నాయి.

చిన్నది నా కొంగు పట్టుకొని రేపు ఆలుగడ్డ తెమ్మంది. ఇంట్లో ఒక్కటి కూడా లేదు. పొద్దున ప్రకాశం బజారు తెరవగానే పోవాలి, తిరిగొచ్చి సొరకాయ చెక్కు తీయాలి. చక్కెర మా డబ్బాలో పోయలేదు, పైగిన్నెలోనే మూత పెట్టి ఉంచాను.