లెక్క అడిగిన రోజు

మా సంఘంలో కానుకల లెక్కలు చూసే బాధ్యత నాకు అప్పగించిన మూడో ఏట, క్రిస్మస్ తరువాతి ఆదివారం ఒక వృద్ధురాలు నన్ను ఆపి, "బాబూ, పండుగ కానుక ఎంత వచ్చింది, ఖర్చులు పోను ఎంత మిగిలింది?" అని అడిగారు. ఆమె గొంతులో అనుమానమేమీ లేదు. పెన్షను డబ్బులోంచి దాచి వేసిన నోటు ఏ పనికి ఉపయోగపడిందో తెలుసుకోవాలనుకున్నారు, అంతే. అయినా ఒక్క రూపాయి ముట్టని నన్ను లెక్క అడుగుతారా అని నా మనసు నొచ్చుకుంది. ఇంటికి వెళ్ళి పుస్తకం తీసి చూస్తే టెంటుకూ వంట సరుకులకూ ఇచ్చిన డబ్బుకు రసీదులే లేవు. నేను దొంగిలించలేదు నిజమే, కాని దొంగిలించలేదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

అటువంటి సమయంలో నావంటివారికి వెంటనే గుర్తుకు వచ్చే మాట బైబిలులోని రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. యూదా రాజైన యోవాషు కాలంలో యెరూషలేము దేవాలయాన్ని బాగుచేయించినవారు నమ్మకస్థులు గనుక వారిని ఎవరూ లెక్క అడగలేదని 15వ వచనం చెబుతుంది. ఆ వచనాన్ని నేనూ నాలో నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అయితే ఆ అధ్యాయాన్ని మొదటినుంచి చదివితే కథ వేరుగా ఉంటుంది. యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా యాజకులు మందిరంలో పాడైన చోట్లను బాగుచేయలేదు. రాజు వారిని నిలదీసిన తరువాత యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం దగ్గర ఉంచాడు. పెట్టెలో డబ్బు విస్తారంగా చేరినప్పుడల్లా రాజు లేఖికుడూ ప్రధాన యాజకుడూ కలిసి వచ్చి, దానిని లెక్కించి, సంచులలో కట్టేవారు. పనివారిపై అంత నమ్మకం చూపిన చోటనే, డబ్బు వారి చేతికి చేరకముందే ఇద్దరి కళ్ళ ఎదుట లెక్క జరిగేదన్నమాట. నేను వాడుకున్నది ఒక్క వచనాన్ని, వదిలేసింది పెట్టెను.

అపొస్తలుడైన పౌలు విషయం నన్ను ఇంకా లోతుగా కదిలించింది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం మాసిదోనియ, అకయ సంఘాలనుంచి చందా పోగుచేస్తున్నప్పుడు, ఆయన తనను అపొస్తలునిగా నమ్మి డబ్బు అప్పగించండని చెప్పి ఊరుకోలేదు. తన జతపనివాడైన తీతుతో పాటు మరి ఇద్దరు సహోదరులను పంపాడు. వారిలో ఒకరిని సంఘాలే ఏర్పరచుకున్నాయి. ఎవరూ తప్పుపట్టడానికి తావివ్వకూడదని, ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యమైనది చేయాలని కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో ఆయన కారణం చెప్పాడు. అదే పత్రిక 12వ అధ్యాయం చూస్తే, తంత్రంతో పట్టుకున్నాడన్న అపవాదు ఆయన చెవిదాకా వచ్చినట్లే ఉంటుంది. నిర్దోషియై ఉండి కూడా ఆయన ఆ శ్రమ పడ్డాడు. దేవునికి నా హృదయం తెలుసు కదా అని నేను తప్పించుకుంటున్న మాట ఆయన నోట రాలేదు.

గొప్ప ఐశ్వర్యం కంటె మంచి పేరు కోరదగినదని సామెతలు 22వ అధ్యాయం ఆరంభంలోనే ఉంది. దానిని గౌరవం గురించిన మాటగానే ఇన్నాళ్ళూ విన్నాను. కాని పేరు మాత్రమే మిగిలిన సంఘం ఒకటి ప్రకటన గ్రంథంలో కనిపిస్తుంది: జీవించుచున్నావన్న పేరున్న సార్దీసు పట్టణపు సంఘం మృతమైనదని ప్రభువే అన్నాడు. ఇశ్రాయేలుకు న్యాయం తీర్చిన సమూయేలు ప్రవక్త అందుకు వేరు. ముసలితనంలో ఆయన ఇశ్రాయేలీయులందరి ఎదుట నిలబడి, ఎవరి ఎద్దును తీసుకున్నాను, ఎవరి చేతి లంచం పుచ్చుకున్నాను, చెప్పండి, తిరిగి ఇచ్చివేస్తాను అన్నాడు. ఆయన కుమారులు లంచాలు తిన్నారన్న సంగతి అప్పటికే ప్రజలందరికీ తెలుసు. ఆ సభలో ఆ ప్రశ్న అడగడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

మరుసటి ఆదివారం ఆరాధన ముగిశాక రసీదులు లేని రెండు ఖర్చులను అందరి ముందూ చదివి, ఆ మొత్తం నా సొంత డబ్బునుంచి కట్టాను. అప్పటినుంచి కానుకల పెట్టెను ఇద్దరం కలిసి తెరుస్తున్నాం. నెల లెక్క కాగితం తలుపు పక్క గోడకు అంటిస్తాం. ఆ అమ్మగారు కళ్ళజోడు సవరించుకుని ప్రతి అంకెనూ వేలితో తాకుతూ చదువుతారు.