రోహిణి కార్తెలో ఆకాశం చూసిన పన్నెండు రోజులు

సంచికకు ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది 1987 మే నెల. ఆ నెల 31, ఆదివారం నాడు ప్రాంతీయ గ్లైడర్ పోటీ జరిగింది. మన బడికి నాలుగో స్థానం వచ్చింది. ఆ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు పోటీ కంటే దానికి ముందు పన్నెండు రోజులే ఎక్కువ గుర్తున్నాయి. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే మేడ మీదికి పరిగెత్తి ఆకాశం చూడటం నాకు ఆ పన్నెండు రోజుల్లోనే అలవాటైంది. ఈ రోజుకీ పోలేదు.

అప్పుడు మేం తొమ్మిది పూర్తి చేసి పదిలోకి వెళ్ళబోతున్నాం. బడికి సెలవులు. అయినా ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్న నలుగురం రోజూ పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గర ఉండేవాళ్ళం. ఫిజిక్స్ సారు స్కూటర్ మీద వచ్చేవారు, అటెండర్ తాత తాళాల గుత్తి తెచ్చి ల్యాబ్ తెరిచేవాడు. లోపల బల్లల మీద మూడు గ్లైడర్లు. బాల్సా చెక్కతో కోసిన పక్కటెముకలు, సన్నగా చీల్చిన వెదురు, పైన పలచటి కాగితం, దాని మీద కాగితాన్ని బిగించే డోపు అనే వార్నిష్. డోపు వాసన మగ్గిన అరటిపండులా ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా నెయిల్ పాలిష్ సీసా మూత తీస్తే నాకు ఆ ల్యాబే కనిపిస్తుంది.

తెలియని వాళ్ళ కోసం ఒక మాట. మావి మనిషి ఎక్కే గ్లైడర్లు కావు, ఇంజను లేని నమూనాలు. 50 మీటర్ల నైలాన్ దారం ఒక కొస గ్లైడర్ కొక్కేనికి తగిలించి, రెండో కొస పట్టుకుని గాలికి ఎదురు పరిగెత్తితే పతంగిలా పైకి లేస్తుంది. నెత్తి మీదికి వచ్చాక దారం వదులు చేస్తే రింగు ఊడిపోతుంది, ఇక దాని దారి దానిది. మాది ఏ-1 తరగతి. రెక్క, తోక విస్తీర్ణం కలిపి 18 చదరపు డెసిమీటర్లు దాటకూడదు, బరువు 220 గ్రాములకు తగ్గకూడదు. ఒక్కో రౌండులో 120 సెకన్లు ఎగిరితే పూర్తి మార్కులు, అంతకు మించి ఎంతసేపు ఎగిరినా లెక్కలోకి రాదు. అలా ఐదు రౌండ్లు.

మొదటి రోజే సారు బోర్డు మీద ఒక లెక్క వేశారు. మా గ్లైడర్లు కదలని గాలిలో సెకనుకు దాదాపు 60 సెంటీమీటర్లు దిగుతున్నాయి. 50 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 80 సెకన్ల పైచిలుకు. మరి మిగతా నలభై సెకన్లు ఎక్కడి నుంచి తెస్తారు అని అడిగారు. రెక్క ఇంకా నున్నగా చేస్తామని ఒకడు, తోక కోణం మారుస్తామని ఇంకొకడు అన్నాం. సారు తల అడ్డంగా ఊపి కిటికీ వైపు వేలు చూపించారు. బయట ఎండ తప్ప ఏమీ లేదు. "అదే ఇస్తుంది. ఎప్పుడు ఇస్తుందో కనిపెట్టడమే మీ పని" అన్నారు.

థర్మల్ అనే మాట మాకు పుస్తకంలో తెలుసు. నేల వేడెక్కుతుంది, నేలను ఆనుకున్న గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది, అంతే కదా అనుకున్నాం. కానీ నేల అంతా ఒకేలా వేడెక్కదని, గాలి అన్ని చోట్లా ఒకేసారి లేవదని, కుండలో నీళ్ళు మరిగేటప్పుడు బుడగ ఒకచోట లేచి ఆగి మళ్ళీ లేచినట్టు లేస్తుందని ఆ మైదానంలో నిలబడితేనే అర్థమైంది. మన సికింద్రాబాద్ వైపు నేల సంగతి మీకు తెలుసు, ఎక్కడ చూసినా నల్లరాతి గుండ్లే. బడి మేడ మీంచి మౌలాలి గుట్ట కనిపించేది. పొద్దున ఎనిమిది దాటినా ఆ గుట్ట పైన ఏమీ ఉండదు. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఒక గద్ద రెక్కలు కొట్టుకుంటూ వచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది, రెండు మూడు చుట్లయ్యాక రెక్కలు కొట్టడం మానేస్తుంది. అక్కడ లిఫ్ట్, అంటే పైకి లేపే గాలి, ఉన్నట్టే. పది నిమిషాల్లో ఇంకో నాలుగు చేరతాయి. హుస్సేన్ సాగర్ మీద మాత్రం పొద్దున పూట అలా తిరిగేవి కావు, నీళ్ళు నేలంత త్వరగా వేడెక్కవు కాబట్టి. గద్ద మొదట లేచిన టైం రాయడం నా డ్యూటీ. ఆ పన్నెండు రోజుల్లో అంత శ్రద్ధగా నేను ఇంకే పనీ చేయలేదు.

జిల్లేడు దూది ఇంకో ఆధారం. వేసవిలో కాయలు పగిలి దూది గాల్లో తిరుగుతుంది కదా, మేం కాయలు కోసుకొచ్చి అగ్గిపెట్టెల్లో దాచుకున్నాం. మైదానంలో నిలబడి ఒక్కో పింజ వదిలేవాళ్ళం. అది అడ్డంగా సాగి నేల మీద పడితే ఏమీ లేదు. తల ఎత్తు దాటి, చెట్టు ఎత్తు దాటి కంటికి కనిపించకుండా పోతే ఆ నిమిషంలో దారం పట్టుకోవాలి. ఒళ్ళు కూడా చెబుతుంది. అప్పటిదాకా వీస్తున్న గాలి ఒక్కసారి ఆగిపోతుంది, మెడ మీద వేడి పెరుగుతుంది, కాసేపటికి ఇంకో వైపు నుంచి చల్లటి గాలి వస్తుంది. ఆ చల్లగాలి వచ్చాక పరిగెత్తితే లాభం లేదు, థర్మల్ అప్పటికే దాటిపోయింది. దుమ్ము సుడి లేచినప్పుడైతే అది కళ్ళకే కనిపించేది. కానీ సుడి మధ్యలోకి గ్లైడర్ వదిలితే రెక్క విరుగుతుందని సారు గట్టిగా హెచ్చరించారు.

ల్యాబ్‌లో ఒక థర్మామీటర్ మామూలుగా, ఇంకోదానికి తడిగుడ్డ చుట్టి పక్కపక్కన వేలాడదీశాం. రెండూ చూసి, పట్టికలో తుషార బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) వెతికి, గాలి ఉష్ణోగ్రతలోంచి దాన్ని తీసేసి, వచ్చినదాన్ని 125తో గుణిస్తే మబ్బు అడుగు సుమారుగా ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో వస్తుంది. మే 20 మధ్యాహ్నం పొడిది 40, తడిది 22. తుషార బిందువు 13. అంటే 3,375 మీటర్లు! అంత ఎత్తుదాకా వెళితే తప్ప మబ్బు కట్టదు, అందుకే ఆకాశం నీలంగా ఖాళీగా ఉంది, థర్మల్స్ ఉన్నా ఏ గుర్తూ లేదు అని సారు చెబితే నలుగురం నోరు తెరుచుకుని పైకి చూశాం. సాయంత్రాలు బేగంపేట వాతావరణ కేంద్రం వాళ్ళు వదిలే బెలూన్ కనిపిస్తుందేమోనని అటువైపు చూసేవాళ్ళం. మేం గుడ్డ చుట్టిన థర్మామీటర్‌తో అంచనా వేస్తున్న గాలిని ఆ బెలూన్ లోపలికే వెళ్ళి కొలుస్తుందని తెలిసినప్పటి నుంచి నాకు ఆ ఉద్యోగం మీద విపరీతమైన ఆశ ఉండేది.

22 సాయంత్రం వాన పడింది. ముందు పడమర నుంచి గాలిదుమారం, కళ్ళు తెరవలేనంత మట్టి, తర్వాత పెద్ద పెద్ద చినుకులు. మర్నాడూ అంతే. మిగతావాళ్ళందరికీ హాయిగా ఉంది, మామిడికాయలు రాలాయని మా అమ్మమ్మ ఒక్కతే బాధపడింది. మాకు మాత్రం టెన్షన్. తడిసిన నేల పొద్దున ఎండను నీళ్ళు ఆర్చుకోవడానికే వాడేసుకుంటుంది, గాలిని వేడి చేయడానికి మిగలదు. 24న గద్ద పదింటిదాకా లేవలేదు, అదీ మైదానం మీద కాదు, ముందుగా ఆరిన రాళ్ళ మీద. మధ్యాహ్నం పొడిది 36, తడిది 25, లెక్క వేస్తే 1,875 మీటర్లు, పైన చూస్తే నిజంగానే అడుగు కత్తితో కోసినట్టున్న తెల్ల మబ్బులు వరసగా వస్తున్నాయి. మా లెక్క ఆకాశంలో కనిపించిన రోజు అది. ఒక మబ్బు కిందకు వచ్చే సమయానికి గ్లైడర్ వదిలితే 120 దాటింది, మొట్టమొదటిసారి.

25న రోహిణి కార్తె వచ్చింది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని అమ్మమ్మ అంటుంటే నాకు వేరే రోహిణి గుర్తొచ్చేది. మన దేశంలో తయారైన గ్లైడర్లకు నక్షత్రాల పేర్లు పెట్టారు: అశ్విని, రోహిణి, కార్తీక్, మృగశీర్, ఆర్ద్ర. రోహిణి ఇద్దరు పక్కపక్కన కూర్చునే శిక్షణ గ్లైడర్, చెక్కతో చేసింది, 1961లో మొదటిసారి ఎగిరింది. సారు దాని ఫొటో ఒకటి చూపించి, ఎండలు మండే కార్తె పేరే గ్లైడర్‌కూ ఉండటం నాకెంతో నచ్చింది అన్నారు. నాకూ ఎంత నచ్చిందంటే నా నోటుబుక్కు అట్ట మీద ఆ పేరే రాసుకున్నాను.

ఎండ మాకు లిఫ్ట్ ఇచ్చింది, సామాను మాత్రం పాడు చేసింది. కాగితం బిగుసుకుపోయి రెక్కలు మెలి తిరిగేవి, రోజూ రాత్రి చదును చెక్క మీద పరిచి బరువులు పెట్టాలి. రబ్బరు బ్యాండ్లు ఎండి పుటుక్కుమనేవి, తడిగుడ్డలో చుట్టి కూజా పక్కన పెట్టేవాళ్ళం. అన్నిటికంటే కష్టం వత్తితో. గ్లైడర్ థర్మల్‌లో పడి ఎటో పోకుండా డీటీ అని ఒక ఏర్పాటు ఉంటుంది. సూరేకారం నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన నూలు వత్తి నిదానంగా కాలుతూ వెళ్ళి ఒక రబ్బరు బ్యాండును తెంపుతుంది, వెంటనే తోక పైకి లేచి గ్లైడర్ ఊయలలా ఊగుతూ దిగిపోతుంది. వత్తి నిమిషానికి ఎంత కాలుతుందో నీడలో కొలిస్తే ఒకటి, ఎండగాలిలో కొలిస్తే ఇంకొకటి. ఎన్ని మూరల వత్తి తగలబెట్టామో లెక్కలేదు.

28 నాటి సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తేనే నాకు బాగుంటుంది. మాలో అందరికంటే పొడుగ్గా ఉండేవాడు, మీలో చాలామందికి వాడెవరో తెలుసు, వాడి గ్లైడర్ మూడింటిలోకి మంచిది. ఆ రోజు పదకొండింటికి వాడు పరిగెత్తాడు, నేను గ్లైడర్ పట్టుకుని వత్తి వెలిగించాను. వత్తి కొస ఎర్రబడిందో లేదో ఒక్కసారి చూశాను, రెండోసారి చూడలేదు. దారం ఊడిన క్షణం నుంచే అది ఎక్కడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలయ్యాయి, తోక లేవలేదు. మూడు. నాలుగు. రెండు గద్దలు దాని పక్కకు వచ్చి కాసేపు కలిసి తిరిగాయి. ఆరో నిమిషంలో తెల్లటి చుక్క, ఏడో నిమిషంలో అదీ లేదు. సైకిళ్ళ మీద గాలి వాలు వెంట తూర్పుకు సాయంత్రం దాకా వెతికాం, ఇళ్ళ మీద, బావుల్లో, రైలు పట్టాల పక్కన. దొరకలేదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "ఎంత పైకి పోయిందిరా" అన్నాడంతే. మిగిలిన రెండు రోజుల్లో కొత్తది కట్టడానికి బాల్సా లేదు. మర్నాడు పొద్దున ఆరింటికి అందరికంటే ముందు వచ్చి నా గ్లైడర్ రెక్క మీది బరువులు తీస్తూ కనిపించాడు.

30 సాయంత్రం పడమర అంతా నల్లగా అయింది. మేడ మీద పక్కలు వేసుకుని మెరుపులు లెక్కపెడుతూ పడుకున్నాను. వాన పడితే తడి నేల, పడకపోతే పొడి నేల, రెండింటికీ రెండు ప్లాన్లు నోటుబుక్కులో ఉన్నాయి. అర్ధరాత్రి గాలి వచ్చింది, నాలుగు చినుకులు మొహం మీద పడ్డాయి, అంతటితో ఆగిపోయింది. నిద్ర పట్టలేదు.

పోటీ మైదానం ఊరి బయట. ఏడున్నరకు మొదటి రౌండు, గాలి కదలడం లేదు, దూరంగా పొయ్యిల పొగ చాప పరిచినట్టు ఒకే ఎత్తులో ఉంది. రాత్రి చల్లబడిన గాలి ఇంకా కిందే ఉందన్నమాట. ఎవరికీ 90 దాటలేదు. నాకు 81, సారు బోర్డు మీద లెక్కేసినట్టే. రెండో రౌండు మొదలయ్యాక సారు, "తొందర లేదు, కూర్చోండి" అన్నారు. పక్క బడుల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వదులుతున్నారు, దిగిపోతున్నాయి. మేం ఉత్తరాన ఉన్న రాళ్ళ గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాం. ఎనిమిది నలభై. ఎనిమిది యాభై. అగ్గిపెట్టె తెరిచి ఒక పింజ వదిలితే మోకాళ్ళ ఎత్తులో పోయి గడ్డిలో చిక్కుకుంది. తొమ్మిదికి రెండు నిమిషాలు ఉందనగా గుట్ట వెనక నుంచి ఒక గద్ద వచ్చింది, రెక్కలు కొట్టుకుంటూ ఒక చుట్టు, ఇంకో చుట్టు, తర్వాత కొట్టడం ఆపింది. నేను దారం తీసుకుని గాలికి ఎదురు నడిచాను. మా పొడుగువాడు గ్లైడర్ ఎత్తి పట్టుకుని వత్తి వెలిగించాడు. ఊదాడు, చూశాడు. మళ్ళీ ఊదాడు, మళ్ళీ చూశాడు.

"అంటుకుందిరా. పరిగెత్తు" అన్నాడు.