శంషాబాద్ నుంచి డాలస్ దాకా

ఈసారి టికెట్లు అబ్బాయి బుక్ చేస్తుంటే పక్కనే కూచున్నా. చవగ్గా ఉందని గంటన్నర కనెక్షన్ చూపించాడు. వద్దురా నాయనా, దుబాయ్‌లో విమానం మారడానికి నాలుగు గంటలైనా ఉండాలన్నా. వీల్‌చైర్ టికెట్‌తోపాటే చెప్పించాం. దానికి డబ్బు కట్టక్కర్లేదు, నామోషీ అసలే అక్కర్లేదు. మోకాళ్లు మనవి కదా!

దుబాయ్ నుంచి డాలస్ దాదాపు 16 గంటలు. షుగర్ వాళ్ల భోజనం ముందే రాయించాం. డాక్టర్నడిగి బిగుతు సాక్సులు వేసుకున్నా. మాత్రలు, ఇన్సులిన్ ప్రిస్క్రిప్షన్‌తో సహా హ్యాండ్‌బ్యాగ్‌లోనే. ఇన్సులిన్ చెకిన్ పెట్టెలో పడేస్తే పైన చలికి గడ్డకట్టి పాడవ్వచ్చు.

నాది నడిచే దారి పక్క సీటు. మావారికి మాత్రం కిటికీయే కావాలిట. బయటంతా చీకటి. ఆయన బాత్రూమ్‌కి లేచినప్పుడల్లా నేనూ లేవాల్సిందే. పోన్లెండి, కాళ్లు పట్టేయలేదు!