రాయి మింగిన దుంప

మా నాన్న కోనసీమలో వడ్రంగి. 1996 నవంబరు తుఫానుకి మా చుట్టుపక్కల తోటలన్నీ నేలకొరిగితే నెలల తరబడి ఆయనకి కోత పనే. ఒకరోజు మామిడి మొద్దు కోస్తుంటే రంపం కీచుమంది. లోపల మేకు! ఎప్పుడో ఎవరో దండెం కట్టుకోడానికి కొట్టి వదిలేశారు. చెట్టు దాన్ని మింగేసి, పైన ఆనవాలు లేకుండా పెరిగింది. రంపానికి రెండు పళ్ళు పోయాయి. ఆ మేకు కొట్టినవాడెవడో తెలియకుండానే నాన్న వారం రోజులు తిట్టాడు.

మస్కట్‌లో నాలుగేళ్ళు తలుపులు బిగించి, ఆ మీదట ఇటలీలో పొగాకు పైపులు చేసే చిన్న కార్ఖానాలో చేరాక, మళ్ళీ ఆ కీచు విన్నాను.

పైపులకి వాడే చెక్కని బ్రయర్ అంటారు. మధ్యధరా సముద్రం చుట్టూ రాతి కొండల మీద పెరిగే పొద అది. కొమ్మలు ఎందుకూ పనికిరావు. కాండానికీ వేళ్ళకీ మధ్య మట్టిలో ఊరే బుడిపే సరుకు. అచ్చం మన కంద దుంపలా ఉంటుంది, కాకపోతే ఊరడానికి దశాబ్దాలు పడుతుంది. తవ్వాక తడి ఆరనివ్వకుండా ఉంచి, ముక్కలు కోసి, గంటల కొద్దీ ఉడకబెట్టి, నెలల తరబడి నీడన ఆరబెడతారు. నిప్పుకి అంత తొందరగా లొంగదు, దాని గొప్పతనం అదే.

దాని పాపం కూడా ఒకటుంది. రాళ్ళలో పెరుగుతుంది కదా, ఇసుకరేణువో గులకరాయో బెరడుముక్కో ఏది అడ్డొస్తే దాన్ని కడుపులో పెట్టుకుని పెరుగుతుంది. పైకి ముక్క నున్నగా, ముద్దొచ్చేలా ఉంటుంది. మూడొంతుల పని అయ్యాక, పొగాకు కూరే గిన్నె బుగ్గ మీద ఆకురాయి తిప్పుతుంటే, నల్లటి చుక్క కళ్ళు తెరుస్తుంది. టేకు దుంగని నాన్న వేలి కణుపుతో కొట్టి లోపలి గుట్టు చెప్పేవాడు. ఇక్కడ ఆ విద్య చెల్లలేదు.

లోతు తక్కువైతే ఇంకాస్త అరగదీస్తే పోతుంది. లేదా అనుకున్న ఆకారం వదిలేసి ఆ చోటే గీసి పారేసేలా బొమ్మ మార్చుకోవాలి. తొలిచాక బయటపడిందా, చచ్చామే. పొగ వచ్చే బెజ్జం మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లు. అది గిన్నె అడుక్కి సరిగ్గా చేరాలి. దాన్ని ఇటూ అటూ జరపలేం. రాయి వదిలిన గుంట గిన్నె గోడలోకి లోతుగా దిగితే ఆ ముక్క పొయ్యిలోకే. నిప్పు అక్కడే పట్టుకుని గోడ కాలిపోతుంది.

మొదట్లో నేను ఊరి బుద్ధి చూపించాను. రంపపు పొట్టు, జిగురు కలిపి లప్పం పెట్టి, ఆరాక సాపు చేశాను. ద్వారబంధమైతే పైన రంగు పడితే దేవుడికి కూడా తెలీదు. కానీ పైపుకి వేసేది చెక్కలోకి ఇంకే రంగు. చుట్టూ ఎర్రగా పట్టి, లప్పం ఉన్నచోట బొల్లి మచ్చలా మిగిలింది. పెద్దమేస్త్రీ దీపం కింద తిప్పి చూసి ఏమీ అనలేదు. ఉలి నా చేతిలో పెట్టి, పైనంతా గరుకుగా చెక్కమని సైగ చేశాడు. చవక పైపుల్లో లప్పం మామూలేనట. వేడికి ఎండి ఊడి రావడం కూడా మామూలేనట.

ఇసుక ఊదే పద్ధతి ఇంకోటి ఉంది. మెత్తటి చెక్క కొట్టుకుపోయి గట్టి వలయాలు తేలతాయి, చిన్న గుంటలు వాటిలో కలిసిపోతాయి. లండన్‌లో డన్‌హిల్ అనే పైపుల కంపెనీ వాళ్ళు 1917 నాటికే దీనికి పేటెంటు అడిగారు. నా ఏడుపల్లా ఒకటే. గరుకు చెక్కడానికి నాకు గంటన్నర ఎక్కువ పడుతుంది, ధర మాత్రం నున్నదానికన్నా తక్కువ.

మొన్న సెలవుకి వస్తూ అలాంటిదొకటి పెదనాన్నకి తెచ్చాను. ఆయన అరుగు మీద కూర్చుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంట్రా అబ్బాయ్, కాకరకాయలా ఉంది?"

"లోపల రాయుందండి పెదనాన్నా, అందుకే అలా చెక్కాం."

"రాయున్నదాన్ని డబ్బులిచ్చి కొంటారా ఆళ్ళు?"

లంక పొగాకు నలిపి దట్టంగా కూరాడు. మూడుసార్లు వెలిగించాడు, మూడుసార్లూ ఆరిపోయింది. "అగ్గిపెట్టె దండగ" అని నా చేతిలో పెట్టేసి, చెవి మీది చుట్ట తీసి ముట్టించుకున్నాడు. నాన్న మాత్రం ఆ పైపుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గరుకులో గుంట ఎక్కడుందో వేలితో వెతుకుతూ చాలాసేపు నిలబడ్డాడు.