కుండ ముందు, జన్యువు తరువాత

మానవ పరిణామం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా రెండు కథలను విడివిడిగా చెప్పుకుంటాం. శరీరం మారిన కథ ఎప్పుడో ఆఫ్రికాలో, నిటారుగా నడవడంతోనూ మెదడు పెరగడంతోనూ ముగిసిపోయిందనీ, ఆ తరువాత వ్యవసాయం, ఊళ్లు, రాజ్యాలు అనే సమాజం కథ మొదలైందనీ పాఠ్యపుస్తకాల నాటి నుంచి మనకు అలవాటైపోయింది. ఈ విభజన నిలబడదని నేను గట్టిగా నమ్ముతున్నాను, అందుకు నాకు దొరికిన బలమైన సాక్ష్యం పాలు. మనుషులు పెంచిన పశువులూ, చేసుకున్న కుండలూ, గత పది వేల ఏళ్లలోనే వారి శరీరాలను మార్చాయనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దానిని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నపేగు లోపలి పొరలో తయారవుతుంది. ఏ క్షీరదాన్ని తీసుకున్నా, తల్లిపాలు మానిన తరువాత ఈ ఎంజైమ్ క్రమంగా తగ్గిపోతుంది, ఎందుకంటే ప్రకృతిలో పెద్ద జంతువుకు పాలు దొరికే దారి లేదు. మనిషీ అందుకు మినహాయింపు కాదు. నేటికీ ప్రపంచంలోని పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఇదే పరిస్థితి. వారు గ్లాసెడు పాలు తాగితే, అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దానిని పులియబెడుతుంది, దాంతో కడుపుబ్బరం, గ్యాస్, కొందరికి విరేచనాలు మొదలవుతాయి. దీనిని జబ్బుగా లెక్కకట్టడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. అది మన జాతి పాత స్థితి. పెద్దయ్యాక కూడా లాక్టేజ్ ఆగకుండా తయారవడమే ఇటీవల వచ్చిన మార్పు.

ఆ మార్పు ఎక్కడుందో 2002లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. రెండవ క్రోమోజోమ్‌లో లాక్టేజ్ జన్యువుకు దాదాపు 14,000 అక్షరాల (డీఎన్‌ఏ గొలుసులో ఏ, సి, జి, టి అని రాసుకునే రసాయనాల) ఎగువన, పొరుగు జన్యువు లోపల, ఒకే ఒక్క అక్షరం ‘సి’ నుంచి ‘టి’కి మారింది. ఎంజైమ్‌లో తేడా ఏమీ లేదు, దానిని ఆపివేసే ఏర్పాటు మాత్రం పనిచేయడం మానేసింది. ఉత్తర ఐరోపాలో నేడు ఎక్కువ మందిలో ఈ మార్పు ఉంది. అయితే 2007లో సారా టిష్కాఫ్ బృందం టాంజానియా, కెన్యా, సూడాన్ పశుపాలకులను పరీక్షించినప్పుడు, వారిలో పాలు అరుగుతున్నాయి కానీ దానికి కారణమైన అక్షరాలు వేరని తేలింది. అరేబియాలో మరొకటి కనిపించింది. అంటే పశువులను సాకిన సమాజాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, వేర్వేరు జన్యుమార్పులతో ఒకే ఫలితానికి చేరుకున్నాయి.

మరి ఏది ముందు? పాలు అరిగే శక్తి వచ్చిన వాళ్లే పాడి మొదలుపెట్టి ఉంటారని అనుకోవడం తేలిక. మట్టి పెంకులు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. పాత్ర గోడల సన్నని రంధ్రాలలోకి ఇంకిన కొవ్వు వేల ఏళ్లు నిలుస్తుంది, అది మాంసపు కొవ్వా, పాల కొవ్వా అన్నది అందులోని కార్బన్ ఐసోటోపుల, అంటే బరువులో కాస్త తేడా ఉన్న కార్బన్ పరమాణువుల, నిష్పత్తిని బట్టి తెలుస్తుంది. ఇలా పరీక్షిస్తే వాయువ్య అనటోలియాలో (నేటి టర్కీ) దాదాపు తొమ్మిది వేల ఏళ్ల కిందటే పాలు వాడినట్టు తేలింది. పోలండ్‌లో దొరికిన, చిన్న చిన్న చిల్లులున్న జల్లెడ వంటి పాత్రల ముక్కలలోనూ పాల కొవ్వే కనిపించింది. ఏడు వేల ఏళ్ల కిందట అక్కడి రైతులు పాలు విరగ్గొట్టి, ఆ పాత్రలలో నీటిని వడగట్టి, జున్నుగడ్డలు చేసుకున్నారన్న మాట. వింత ఏమిటంటే, ఆ కాలపు ఐరోపా రైతుల ఎముకల నుంచి తీసిన డీఎన్‌ఏలో పాలు అరిగించే మార్పు దాదాపు కనిపించదు. ఆ తరువాత రెండు వేల ఏళ్లకు ఆల్ప్స్ పర్వతాల మంచులో చనిపోయిన, ఓట్జీ అని పిలిచే మనిషిలోనూ అది లేదు.

కాబట్టి వంటశాల జన్యువు కంటే ముందే దారి కనుక్కొంది. ఆ దారి మనకు కొత్తది కాదు. కాచిన పాలు గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు కలిపి తోడుపెడితే, తెల్లారేసరికి గిన్నె కదిపినా చెదరనంత గట్టిగా తోడుకుంటుంది. ఆ రాత్రంతా లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తూనే ఉంటుంది, పులుపు అందుకే వస్తుంది. ఆ పెరుగును చిలికి తీసిన వెన్నలో లాక్టోజ్ ఇంకా తక్కువ, వెన్న కాచిన నేతిలో అది లేనట్టే లెక్క. పాలు పడని నేను రోజూ పెరుగన్నం తిని హాయిగా ఉండగలగడం దీనివల్లే.

అలాంటప్పుడు ఆ ఒక్క అక్షరం అంత వేగంగా ఎందుకు వ్యాపించింది? 2022లో రిచర్డ్ ఎవర్షెడ్, మార్క్ థామస్ తదితరులు వెలువరించిన అధ్యయనం నాకు అన్నిటికంటే నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఐరోపాలో పాల వాడకం పెరిగిన చోట ఈ మార్పు పెరిగిందా అని వారు లెక్కచూస్తే, ఆ రెండింటికీ పొంతన కుదరలేదు. కరువులకూ, అంటువ్యాధులకూ సూచికలు తీసుకున్నప్పుడు పొంతన మెరుగ్గా కుదిరింది. ఆరోగ్యంగా ఉన్నవాడికి పాలు పడకపోతే కాస్త అసౌకర్యం, అంతే. పంట పోయి, నిల్వ చేసిన జున్ను అయిపోయి, పచ్చిపాలే దిక్కయిన నాడు, ఆకలితోనూ రోగంతోనూ కృశించిన వాడికి అదే విరేచనం ప్రాణాంతకం. పాలు అరిగేవాళ్లు బతికి, ఆ మార్పును పిల్లలకు అందించే ప్రకృతి ఎంపిక జరిగింది అటువంటి చెడ్డ ఏళ్లలోనే అన్నది వారి వాదన.

మన దేశం సంగతికి వస్తే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక పరిశోధన 2012లో అచ్చయింది. భారతీయులలో ఎక్కువగా కనిపించేది ఐరోపా వారిలో ఉన్న మార్పేననీ, రెండింటి మూలం ఒక్కటేననీ అది చూపింది. వాయవ్యంలో ఎక్కువగా ఉన్న ఆ మార్పు దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. నీలగిరులలో గేదెలను నమ్ముకుని బతికిన తోడా తెగవారు మాత్రం దీనికి భిన్నం. దక్షిణాదిన పశుపోషణ ఆలస్యంగా వచ్చిందనుకుంటే పొరపాటు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిదదిబ్బ, నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి. చుట్టూ పాతిన గుంజల గుంతలు, తగలబెట్టిన పేడ పొరలు, వాటి మధ్య పశువుల గిట్టల ముద్రలు కూడా అక్కడ దొరికాయి. అంత పాత మందల నేలలో ఆ మార్పు తక్కువగా ఉండటానికి, పాలను తోడుపెట్టి తినే అలవాటు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. మంగోలియాను చూస్తే ఈ అభిప్రాయం బలపడుతుంది. అక్కడి పశుపాలకులు వేల ఏళ్లుగా గుర్రం, ఆవు, గొర్రె, ఒంటె పాలతో బతుకుతున్నారు, వేసవి ఆహారంలో పెద్ద భాగం పాడిదే, అయినా వారిలో అత్యధికులకు పాలు అరిగించే జన్యుమార్పు నేటికీ లేదు. పాలను పులియబెట్టే సూక్ష్మజీవులను మాత్రం వారు తరం నుంచి తరానికి, తల్లి నుంచి కూతురికి, జాగ్రత్తగా అందిస్తూ వస్తున్నారు.